తెగేది బెల్టు కాదు

బరువైన కెమెరాకి స్ట్రాప్ కొనబోయేవాళ్లు మన దగ్గర అడిగే ప్రశ్న ఒక్కటే: "బెల్టు గట్టిదేనా?" అచ్యుతాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు ఇదే అడుగుతారు. చలికాలంలో పక్షుల కోసం విశాఖ నుంచి కొండకర్ల ఆవ సరస్సుకు వచ్చే ఉద్యోగులూ ఇదే అడుగుతారు. పట్టీ వెడల్పుగా ఉండాలి, చేత్తో లాగితే సాగకూడదు, భుజం దగ్గర మెత్త ఉండాలి, అట్ట మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉండాలి. ఇవన్నీ చూసుకుంటే ఇక కెమెరాకి ఢోకా లేదని దుకాణంలో అమ్మేవాళ్లు చెబుతారు, చేయి తిరిగిన ఫొటోగ్రాఫర్లు కూడా చెబుతారు. ఈ మాట పూర్తిగా తప్పు. దీన్ని నమ్మి కెమెరాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దీన్ని నమ్మినంత కాలం ఇంకా పోగొట్టుకుంటూనే ఉంటారు.

ముందు బరువు సంగతి చూద్దాం. నికాన్ డి850 బాడీ, బ్యాటరీ, కార్డుతో కలిపి 1,005 గ్రాములు. పక్షులు తీసేవాళ్లు దానికి తగిలించే 200-500 మిల్లీమీటర్ల నికాన్ లెన్స్ 2,300 గ్రాములు. రెండూ కలిపితే 3.3 కిలోలు. సిగ్మా 150-600 స్పోర్ట్స్ లెన్సయితే అదొక్కటే 2,860 గ్రాములు. పెళ్లిలో వాడే ఫుల్‌ఫ్రేమ్ బాడీకి 70-200 తగిలించి, పైన ఫ్లాష్ పెడితే మూడు కిలోల దరిదాపుల్లోకి వస్తుంది. ఇప్పుడు పట్టీ సంగతి. కొండలెక్కేవాళ్లు వాడే అంగుళం వెడల్పు గొట్టపు నైలాన్ పట్టీ తెగాలంటే సుమారు 1,800 కిలోల లాగుడు కావాలి. కెమెరా స్ట్రాపుల్లో వాడే నైలాన్ దానికన్నా పలచనే. అయినా మంచి పట్టీ వంద కిలోలకు పైమాటే. మూడు కిలోల బరువుకి అది తెగే ప్రశ్నే లేదు. ఏళ్ల తరబడి ఎండలో మాడితేనో, ఎలుక కొరికితేనో తప్ప తెగదు. తెగనిదాన్ని పట్టుకుని లాగి చూసి, ఊడేదాన్ని చూడకుండానే డబ్బు కట్టి వస్తున్నాం.

ఊడేవి అతుకులు. కెమెరా దగ్గర మొదలుపెట్టి భుజం దాకా వేలితో తడుముకుంటూ రండి. బాడీ పక్కన స్ట్రాప్ తగిలించే లోహపు కన్ను ఉంటుంది. కొన్ని కెమెరాల్లో దాంట్లోంచి పట్టీని నేరుగా దూర్చొచ్చు. మరికొన్నిటికి చిన్న రింగు వేసి, ఆ రింగుకి పట్టీ తగిలించాలి. మెలికపడి లాగినప్పుడల్లా ఆ రింగు కొసలు కొద్దికొద్దిగా విచ్చుకుంటాయి. ఆ తర్వాత సన్నని పట్టీ, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బకిల్. పట్టీ కొసను బకిల్లోంచి వెనక్కి తిప్పి, లోపలివైపు రెండు పొరల మధ్య ఇరికించాలి. కొస నాలుగైదు సెంటీమీటర్లయినా మిగలాలి. మనవాళ్లలో చాలామంది పొడుగు చాలలేదని కొసను అంచు దాకా లాగేస్తారు. చూడ్డానికి బాగోలేదని బయటికి వేలాడే ముక్కను కత్తిరించేస్తారు. కొత్త నైలాన్ నున్నగా ఉంటుంది. నడిచే ప్రతి అడుగుకీ వెంట్రుకవాసి జారుతుంది. ఏదో ఒకరోజు, ముహూర్తం దగ్గరపడిన వేళ, కొస బకిల్ దాటి బయటికొచ్చేస్తుంది. కింద పడిన కెమెరా పక్కన ఉన్న పట్టీని అప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి, ఎక్కడా తెగి ఉండదు. బావిలో చేద పడిపోయేది ఎక్కువగా తాడు తెగి కాదు, ముడి జారి.

ఇప్పుడు త్వరగా తీసి తగిలించుకోవడానికి మధ్యలో ప్లాస్టిక్ క్లిప్పులు కూడా వస్తున్నాయి. రెండువైపుల నాలుకలూ 'టక్'మని పడితేనే క్లిప్పు పట్టినట్టు. బ్యాండుమేళం హోరులో ఆ చప్పుడు వినబడదు. ఒకవైపే పడిన క్లిప్పు కూడా చూడ్డానికి పట్టినట్టే ఉంటుంది, కొంతసేపు బరువు కూడా మోస్తుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ అయితే ఏ హెచ్చరికా ఇవ్వకుండా విరుగుతుంది.

ఇక కుట్టు. పట్టీని మడిచి రింగుకి బిగించినచోట ఎన్ని వరసల కుట్టు ఉందో చూసి కొనేవాళ్లు నాకు కనబడలేదు. అచ్యుతాపురంలో ఇది చెప్పుకోవాల్సి రావడమే బాధగా ఉంది. ఇక్కడి బ్రాండిక్స్ అపెరల్ సిటీ దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లు రోజూ ఈ కుట్టుపనిలోనే ఉన్నారు. పట్టీ కుట్టే దగ్గర బార్‌టాక్ ఎందుకు వేస్తారో, మామూలు కుట్టు ఒక వరస వేసి వదిలేస్తే ఏమవుతుందో ఆ లైనులో పనిచేసే అమ్మాయికి కొత్తగా చెప్పక్కర్లేదు. లాగుడు పడేచోట దగ్గరదగ్గరగా, అడ్డంగా, ముందుకీ వెనక్కీ వేసే ఆ గట్టి కుట్టు లేకపోతే గుడ్డ ఎంత మందమైనా దారం విడిపోతుంది. లోదుస్తుల పట్టీకి తీసుకునే ఆ జాగ్రత్త లక్షల రూపాయల కెమెరా మోసే స్ట్రాపులో ఉందో లేదో తిప్పి చూడని వాళ్లు, మెత్త ఎంత మెత్తగా ఉందో మాత్రం నొక్కి చూస్తున్నారు. పెద్ద బ్రాండ్లను చూసి తయారు చేసిన నకళ్లలో తేడా వచ్చేది ముఖ్యంగా ఇక్కడే. రంగు, అక్షరాలు, బొమ్మ అన్నీ అచ్చుగుద్దినట్టు దింపుతారు, కుట్టు మాత్రం దింపరు.

అట్ట మీద రాసిన కిలోల లెక్క కూడా మనల్ని మోసం చేస్తుంది. అది కదలకుండా వేలాడదీసిన బరువు. కెమెరా ఎప్పుడూ అలా వేలాడదు. మూడు కిలోల కెమెరా చేతిలోంచి జారి అరవై సెంటీమీటర్లు పడిందనుకోండి. భుజం, మెత్త కలిసి దాన్ని అయిదు సెంటీమీటర్లలో ఆపాయనుకుంటే అతుకు మీద పడే సగటు లాగుడు 39 కిలోలు. పట్టీ సాగకుండా రెండే సెంటీమీటర్లలో ఆపితే 93 కిలోలు. ఇది సగటు మాత్రమే, ఒక్క క్షణం పడే పోటు ఇంకా ఎక్కువే ఉంటుంది. "పది కిలోలు మోస్తుంది" అన్న అట్టను నమ్ముకున్న మనిషికి తన రింగు మీద ఎంత పడుతోందో తెలియదు. అదే కెమెరా పదిహేను సెంటీమీటర్లే జారి, అయిదు సెంటీమీటర్లలో ఆగితే సగటు లాగుడు 12 కిలోలు. జారే దూరం ఎంత తక్కువైతే దెబ్బ అంత తక్కువ. ఈ లెక్క ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరైనా చేసుకోవచ్చు. కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

బలమైన అతుకు కూడా అరుగుతుంది. పీక్ డిజైన్ అనే అమెరికన్ కంపెనీ, స్ట్రాపుని కెమెరాకి తగిలించే తన సన్నతాడు యాంకర్ ఒక్కొక్కటి 90 కిలోలు తట్టుకుంటుందని చెబుతుంది. అంత చెప్పుకున్న కంపెనీయే ఆ తాడు లోపల పసుపు పొర, దాని కింద ఎర్ర పొర పెట్టింది. పైపొర అరిగి రంగు బయటపడితే యాంకర్ మార్చేయమని దాని అర్థం. తొంభై కిలోలు మోసే తాడుని మూడు కిలోల కెమెరా అరగదీయగలదు. లోహపు కన్ను అంచు పదునుగా ఉంటే ఇంకా తొందరగా అరగదీస్తుంది. తయారు చేసినవాడికే ఈ అనుమానం ఉన్నప్పుడు, కొన్న మనకి ఉండకపోతే ఎలా?

ఇప్పుడు అందరూ మెచ్చుకునే స్లింగ్ స్ట్రాపు దగ్గరికి వద్దాం. భుజం మీదుగా అడ్డంగా వేసుకుని, కెమెరాను తుంటి పక్కన తలకిందులుగా వేలాడదీసేది. మోయడానికి హాయిగా ఉంటుంది, ఆ మాట నేను కాదనను. కానీ వీటిలో చాలావాటికి కెమెరాతో ఉండే సంబంధం అడుగున బిగించిన ఒక్క స్క్రూ. ట్రైపాడ్ స్క్రూ పావు అంగుళం లావు, అంగుళానికి 20 మరలు. అంటే ఒక చుట్టుకి 1.27 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది. కెమెరా అడుగున గుంతలోకి అది దిగేది నాలుగైదు మిల్లీమీటర్లు. లెక్క వేస్తే మూడు నాలుగు చుట్లు. మొత్తం 3.3 కిలోలూ ఆ మూడు నాలుగు చుట్ల మీద ఉన్నాయి. మీరు నడుస్తున్నప్పుడు కెమెరా తుంటికి తగిలి అటూ ఇటూ తిరుగుతుంది. ఒకవైపు తిరిగితే స్క్రూ బిగుస్తుంది, రెండోవైపు తిరిగితే వదులవుతుంది. స్క్రూ విరగదు, మరలు చెడవు, మెల్లగా తిరిగి బయటికొస్తుంది. రబ్బరు వాషర్ వేశారుగా అంటారు. వాషర్ మంచిదే, పొద్దున బిగించినదాన్ని మధ్యాహ్నం దాకా కొంత కాపాడుతుంది. మధ్యాహ్నం మళ్లీ బిగించే బాధ్యత మాత్రం మనిషిదే. పెళ్లిలో మధ్యాహ్నం ఆ పని గుర్తుండే ఫొటోగ్రాఫరు ఉండడు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కెమెరా డబ్బాలో ఉచితంగా వచ్చే మామూలు స్ట్రాపు బాడీకి రెండు వైపులా రెండు వేర్వేరు కళ్లకు తగులుతుంది. ఒకవైపు ఊడితే కెమెరా ఊగుతుంది, మోకాలికి తగులుతుంది, కానీ రెండోవైపు వేలాడుతూ ఉంటుంది. వేలు పోసి కొన్న ఒంటి స్క్రూ స్లింగులో ఆ రెండో ఆధారం లేదు. అంటే సరిగ్గా దూర్చిన ఉచిత స్ట్రాపు, ఒంటి స్క్రూ మీద వేలాడే ఖరీదైన స్ట్రాపు కన్నా భద్రమైనది. గట్టి బెల్టే భద్రత అనేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు, ఎందుకంటే వాళ్ల కొలమానంలో ఖరీదైన లావు బెల్టే గెలుస్తుంది.

భూమి మీద పడ్డ కెమెరాల కథలు ఎవరూ రాసిపెట్టుకోరు. అంతరిక్షంలో పోయినవి మాత్రం చరిత్రకెక్కాయి. 1966 జులైలో జెమిని-10 నౌక నుంచి బయటికొచ్చిన వ్యోమగామి మైకేల్ కాలిన్స్ దగ్గరి నుంచి హాసెల్‌బ్లాడ్ కెమెరా విడిపోయి అంతరిక్షంలో కలిసిపోయింది. నలభై ఏళ్ల తర్వాత, 2006 డిసెంబరు 16న, స్పేస్ షటిల్ ఎస్‌టీఎస్-116 యాత్రలో మన సునీతా విలియమ్స్ స్పేస్‌వాక్ చేస్తుండగా ఆమె కెమెరా కూడా కట్టు వీడి తేలిపోయింది. నాసా దగ్గర గట్టి బెల్టు కొనడానికి డబ్బు లేక కాదు. అక్కడ బరువే తెలియదు, కెమెరా బరువుకి పట్టీ మీద లాగుడు పడదు. అయినా విడిపోయింది. పట్టీ ఎంత గట్టిదైనా కట్టు వీడితే దాని బలం ఎందుకూ పనికిరాదు.

అంత దూరం ఎందుకు, అచ్యుతాపురం సెజ్‌లోనే చూడండి. ఇక్కడి కంపెనీల్లో స్కాఫోల్డింగ్ ఎక్కి పనిచేసే కార్మికుడికి ఫుల్‌బాడీ హార్నెస్ తప్పనిసరి. దానికి ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ హార్నెస్‌కి రెండు లాన్యార్డు తాళ్లు, రెండు కొక్కేలు ఉంటాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగేటప్పుడు రెండో కొక్కెం తగిలించాకే మొదటిది తీయాలి. ఒక్క క్షణం కూడా రెండూ ఊడి ఉండకూడదు. పొద్దున పని మొదలయ్యే ముందు టూల్‌బాక్స్ మీటింగులో సేఫ్టీ ఆఫీసరు చెప్పేది పట్టీ మందం గురించి కాదు, కొక్కెం గురించి, కుట్టు గురించి, దాన్ని ఎక్కడ తగిలించావన్నదాని గురించి. యూరప్ ప్రమాణాల్లో అయితే హార్నెస్ కుట్టు దారం పట్టీ రంగుకి వేరుగా కనబడాలన్న నియమం ఉంది, దారం విడితే కంటికి వెంటనే తెలియాలని. పైకి తీసుకెళ్లే స్పానర్‌కి కూడా తాడు కట్టిస్తారు. ఎందుకంటే పది మీటర్ల ఎత్తు నుంచి పడిన వస్తువు కిందికొచ్చేసరికి సెకనుకి 14 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే గంటకి 50 కిలోమీటర్లు. స్పానర్‌కి తాడు కట్టే ఆ ప్లాంటులోకి ప్రారంభోత్సవం ఫొటోలు తీయడానికి వెళ్లిన మనవాడు, రెండు కిలోల కెమెరాను ఒక్క క్లిప్పుకి వేలాడదీసుకుని రెయిలింగు మీదుగా వంగుతాడు. కింద మనుషులు నిలబడి ఉంటారు. స్ట్రాపు భద్రత అంటే కెమెరా ఖరీదు కాపాడుకోవడం ఒక్కటే కాదు, కింద ఉన్నవాడి తల సంగతి కూడా.

పూడిమడక ఒడ్డున పడవ తాళ్లు చూసినా ఇదే పాఠం దొరుకుతుంది. ముడి పడ్డచోట తాడు బలం సగం దాకా తగ్గుతుంది, పడవ అంచుకి రాసుకునేచోట తాడు ముందుగా పోగులు పోతుంది. సముద్రం మీద బతికేవాళ్లు తాడు కొసలనీ ముడులనీ చూస్తారు, నడిమి తాడుని చూస్తూ కూర్చోరు. మూడు రకాల పనివాళ్లు మన చుట్టూ ఉన్నారు. అతుకు సంగతి ముగ్గురికీ తెలుసు. కెమెరా పట్టుకున్నవాళ్లమే తెలుసుకోలేదు.

"ఏటవుద్ది గురూ, ఇన్నేళ్లబట్టి ఇదే బెల్టు, ఒక్కసారి పడిందా?" అనేవాళ్లున్నారు. ఈ వాదన అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అనుభవం పేరుతో వస్తుంది. ఆ ఇన్నేళ్లూ మెడలో ఉన్నది ఏ కెమెరా? మొదలుపెట్టిన రోజుల్లో కానన్ 1500డి లాంటి 475 గ్రాముల బాడీకి చిన్న లెన్సు. ఇప్పుడు అదే స్ట్రాపు మీద దానికి నాలుగైదు రెట్ల బరువు. స్ట్రాపు మాత్రం అన్నేళ్లు ముసలిదైంది. బకిల్ పళ్లు అరిగాయి, రింగు విచ్చుకుంది, కుట్టు చెమటకి నానింది. నిన్న పడలేదన్నది నిన్నటి అతుకు గురించిన సమాచారం. ఈరోజు అతుకు గురించి అది ఏమీ చెప్పదు.

"రెండో తాడు అడ్డం పడుతుంది, తలంబ్రాల దగ్గర షాట్ పోతుంది" అనేవాళ్లు మరికొందరు. షాట్ పోతుందన్న భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. కానీ అడ్డం పడేది తాడుని ఒంటికి కట్టుకున్నప్పుడు. నేను చెప్పేది ఒంటికి కట్టమని కాదు. బాడీ పక్కనున్న కంటి నుంచి, బకిళ్లూ క్లిప్పులూ దాటి, స్ట్రాపు లావు పట్టీకే తగిలించే జానెడు తాడు. కెమెరా ఎటు వెళ్తే అదీ అటే వెళ్తుంది. కంటికి ఎత్తినా, పక్కకి తిప్పినా చేతికి తగలదు. పట్టీ తెగదని పైన చెప్పుకున్నాం కదా, ఆ తెగని పట్టీ మీదే రెండో ఆధారం నిలబెడితే సరిపోతుంది. స్క్రూ తిరిగి బయటికొచ్చినా, క్లిప్పు విరిగినా, కెమెరా జానెడు లోపే జారి ఆగుతుంది. పదిహేను సెంటీమీటర్ల లెక్క ముందే చూశాం. తాడు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇన్సూరెన్స్ ఉందిలే అనేవాళ్లకి ఒక్కటే చెబుతాను. డబ్బు కెమెరాకి వస్తుంది. ఎదుటివాళ్ల పెళ్లి ఫొటోలున్న కార్డు నీళ్లలో పోతే ఏ పాలసీ దాన్ని తిరిగివ్వదు.

బరువైన లెన్సు వేసినప్పుడు స్ట్రాపుని ఎక్కడ తగిలించాలన్నది ఇంకో పెద్ద విషయం. దీని గురించి మన దగ్గర మాటే లేదు. 2,300 గ్రాముల లెన్సు ముందు వేలాడుతుండగా స్ట్రాపుని 1,005 గ్రాముల బాడీకి తగిలిస్తే, లెన్సు బరువంతా మౌంటు మీద, దాన్ని బాడీకి బిగించిన చిన్న చిన్న స్క్రూల మీద పడుతుంది. నడిచే ప్రతి అడుగూ దాన్ని కిందికి వంచుతుంది. అందుకే పెద్ద లెన్సులకి చుట్టూ బిగించే కాలర్, దాని కింద ఫుట్ ఇస్తారు. స్ట్రాపు తగిలించాల్సింది అక్కడ. అయితే కాలర్ కూడా అతుకే అని మరిచిపోవద్దు. కొన్ని లెన్సుల కాలర్ నాబ్ వదులైతే పూర్తిగా తెరుచుకుంటుంది. కొన్నిటిలో ఫుట్ విడిగా ఊడి వచ్చేలా ఉంటుంది. కాబట్టి బరువు కాలర్ మోయాలి, రెండో తాడు బాడీ కంటికి ఉండాలి. ఒకటి లెన్సుకి, ఒకటి బాడీకి. ఏది వదిలినా రెండోది పట్టుకుంటుంది. కొండకర్ల ఆవలో తాటి దోనె ఎక్కి జకానా పక్షుల వైపు వంగేవాళ్లు దీన్ని ముఖ్యంగా ఆలోచించాలి. నేల మీద పడిన లెన్సు రిపేరుకైనా వెళ్తుంది. ఆ నీళ్లలో, ఆ తామర తూడుల కింద పడింది దొరికినా పనికిరాదు.

ఇక్కడి గాలి గురించి కూడా చెప్పాలి. తంతడి, పూడిమడక తీరాల్లో ప్రీవెడ్డింగ్ షూటింగులు పెరిగాయి. ఉప్పుగాలి రింగు మీదా, క్లిప్పు లోపలి స్ప్రింగు మీదా, స్క్రూ మరల్లోనూ కూర్చుంటుంది. మెరిసే పూత వేసిన మామూలు ఇనుమును లోపల్నుంచి తినేస్తుంది, పైకి మాత్రం అది మెరుస్తూనే ఉంటుంది. చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే దాన్ని తీరంలో నమ్మకండి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సముద్రపు పనికి వాడేది, దొరికితే అదే మంచిది. తీరం నుంచి వచ్చాక స్ట్రాపుని విప్పి మంచినీళ్లలో జాడించి నీడలో ఆరబెట్టడానికి ఖర్చు లేదు. తోలు స్ట్రాపులు అందంగా ఉంటాయి. మన ఉక్కకీ చెమటకీ తోలు బూజు పట్టి, కుట్టు దగ్గర పెళుసెక్కుతుంది. తోలు అంటే మోజున్నవాళ్లు ఆ కుట్టుని నెలకోసారైనా వంచి చూసుకోవాలి.

మెడలో వేసుకోవడం గురించి ఎక్కువ చెప్పను. 1925లో లైకా వచ్చినప్పుడు అది అర కిలోకి లోపు బరువున్న చిన్న కెమెరా. అలాంటి కెమెరాలకు సరిపోయే అలవాటును మూడు కిలోల బరువు మీద రుద్దడం మెడకి అన్యాయం. అంతకుమించి, మెడలో వేలాడే కెమెరా మీరు వంగగానే ముందుకి ఊగి రాతికో, పందిరి గుంజకో, ఎదురుగా పరుగెత్తే పిల్లవాడి మొహానికో తగులుతుంది. బొజ్జన్నకొండ మెట్లు ఎక్కేటప్పుడు ఈ ఊగుడు ఎంత ప్రమాదమో ఎక్కినవాళ్లకి తెలుసు. అడ్డంగా వేసుకుని ఒక చెయ్యి కెమెరా మీద ఉంచితే చాలు. అనకాపల్లి రోడ్డు మీద బైకెక్కితే స్ట్రాపు ఏదైనా సరే, కెమెరా బ్యాగులో ఉండాలి. తిరిగే యంత్రాల దగ్గర ఒంటి మీద వేలాడే పట్టీ ఏదీ ఉండకూడదు, అక్కడ గట్టి స్ట్రాపే ప్రాణానికి ముప్పు. ఎప్పుడూ గట్టిదే మంచిదనే వాదన ఈ ఒక్క ఉదాహరణతోనే కుప్పకూలుతుంది.

ఇంతకీ ఈ తప్పు అభిప్రాయం మీద నాకు ఇంత కోపం ఎందుకంటే, దాని మూల్యం చెల్లించేది ఫొటోగ్రాఫరు కాదు. పెళ్లి సీజన్లో స్టూడియోలు రోజుకూలికి కుర్రాళ్లని పెట్టుకుంటాయి. లైటు పట్టుకునేది, బ్యాగు మోసేది, రెండో కెమెరా భుజాన వేసుకుని నిలబడేది వాళ్లే. ఆ కుర్రాడి భుజం మీదున్న కెమెరా పడితే బెల్టు తీసి చూస్తారు. బెల్టు చెక్కుచెదరలేదు. "బెల్టు బాగానే ఉంది కదరా, నువ్వే చూసుకోలేదు" అంటారు. నెలల తరబడి కూలిలోంచి కోస్తారు. ఆ కుర్రాడు పొద్దున స్క్రూ బిగించలేదు, నిజమే. బిగించమని ఎవరూ చెప్పలేదు. బకిల్లో కొసను అంచు దాకా లాగింది అతను కాదు. విచ్చుకున్న రింగుని మార్చకుండా వదిలేసింది అతను కాదు. తెగని బెల్టు సాక్ష్యంగా నిలబడి, ఊడిన అతుకు నేరం కుర్రాడి మీదికి పోతుంది. గట్టి బెల్టే భద్రత అనే నమ్మకం దుకాణంలో మనచేత తప్పు వస్తువు కొనిపిస్తుంది, పెళ్లి పందిట్లో తప్పు మనిషిని దోషిని చేస్తుంది.

స్టూడియో నడిపే అన్నలకి నా విన్నపం. ఈ సీజన్ మొదలయ్యే లోపు మీ దగ్గరున్న ప్రతి స్ట్రాపుని బల్ల మీద పరిచి, కెమెరా కంటి నుంచి మెత్త దాకా అతుకులు చూడండి. విచ్చుకున్న రింగుని, ఒకవైపే పట్టే క్లిప్పుని, కత్తిరించిన కొసని పారేయండి. ఒంటి స్క్రూ మీద వేలాడే ప్రతి కెమెరాకీ జానెడు రెండో తాడు కట్టండి. మంచి సన్నతాడు, తెరుచుకోకుండా లాక్ అయ్యే చిన్న కొక్కెం కలిపినా దాని ఖర్చు ఒక కుర్రాడి కూలిలోంచి మీరు కోసే మొదటి కోత కన్నా తక్కువే అవుతుంది. ఆ తాడు కట్టకుండా కెమెరా చేతికిచ్చి, పడితే డబ్బు కోసే హక్కు మీకు లేదు.